పల్లవి వచ్చేదాకా

2023 అక్టోబరు మొదటి తారీఖున అమెరికాలోని కాన్సాస్ సిటీలో గాయకుడు బాబ్ డిలన్ కచేరీ. ఆయన చెప్పాపెట్టకుండా ‘కాన్సాస్ సిటీ’ అనే పాత పాట ఎత్తుకున్నాడు. హాలు హోరెత్తింది. తర్వాత సెయింట్ లూయిస్ వెళ్లాడు. అది రాకెన్‌రోల్ పితామహుల్లో ఒకడైన చక్ బెర్రీ పుట్టిన ఊరు. అక్కడ చక్ బెర్రీ పాటలు. చికాగోలో ‘బార్న్ ఇన్ చికాగో’. నెలాఖరుకి కెనడాలోని మాంట్రియల్ చేరాడు. గాయకుడు లియొనార్డ్ కోహెన్ అక్కడివాడు, అప్పటికి పోయి ఏడేళ్లవుతోంది. అక్కడ కోహెన్ పాట.

ఇక మిగతా ఊళ్లవాళ్లకు నిద్ర పడితే ఒట్టు. మా ఊళ్లో ఏం పాడతాడు? మా ఊరి పేరున్న పాట ఏదైనా ఉందా? మా ఊళ్లో పుట్టి పోయిన గాయకుడెవరు? తాతలనాటి రికార్డులు దుమ్ము దులిపి చూసుకున్నారు. మన దగ్గరా రాజమండ్రి వచ్చినవాడు గోదావరి మీద ఒక పాట అందుకోకుండా పోడు. పల్లవి అయ్యీ అవకముందే ఆగి, చప్పట్లు కొట్టించుకుని, ‘ఈ గడ్డ మీద అడుగు పెట్టడం నా అదృష్టం’ అని ఓ ముక్క కూడా చెబుతాడు. ఈయన అలా కాదు. పాడతాడు, ఆ పాట ఎందుకు పాడాడో చెప్పడు, తర్వాతి పాటలోకి వెళ్లిపోతాడు. ఎందుకు పాడాడో చెప్పుకోవడం అభిమానుల పని. తెల్లారేదాకా చెప్పుకుంటారు.

అసలు డిలన్ టూరంటే సగం పాటలు, సగం ఈ ఎదురుచూపులు. తారీఖులు బయటికి వస్తే చాలు. ఏ ఊళ్లో ఏ హాలు, రెండు ఊళ్లకూ మధ్య కారులో ఎంతసేపు, సెలవు ఏ సాకుతో పెట్టాలి. మొదటి రాత్రి పాడిన పాటల జాబితా తెల్లారేసరికి అందరికీ అందుతుంది. రెండో రాత్రి జాబితాను దాని పక్కన పెట్టి చూస్తారు. ఒక్క పాట మారితే పండగ. ఏమీ మారకపోతే పెద్దాయనకు ఒంట్లో బాగుందా అని ఆరా. 1988 జూన్‌లో కాలిఫోర్నియాలోని కాంకర్డ్‌లో మొదలుపెట్టిన తిరుగుడు ఇది. జనం దీనికి ‘అంతం లేని టూరు’ అని పేరు పెట్టుకున్నారు, ఆ పేరు ఆయనకు నచ్చకపోయినా. కచేరీలు మూడు వేలు ఎప్పుడో దాటాయి. బాస్ గిటార్ వాయించే టోనీ గార్నియర్ 1989 నుంచీ ఆయన వెంటే ఉన్నాడు. వేదిక మీద ఆయన ఎప్పుడు ఏ మలుపు తిరుగుతాడోనని అన్నేళ్లుగా కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం. అభిమానులది కూడా అదే ఉద్యోగం, జీతం లేదంతే.

నేను వెళ్లింది ఆ 2023 సీజన్లోనే. అమ్మాయి దగ్గరికి వెళ్లి ఉన్నాను. డిలన్ పాటలు నాకు యూనివర్సిటీ హాస్టల్లో ఒక మిత్రుడి క్యాసెట్ల వల్ల అబ్బాయి. క్యాసెట్‌కి క్యాసెట్ ఎక్కించగా ఎక్కించగా అరిగి, పాట వెనక సముద్రపు హోరు ఒకటి వినిపించేది. అది కూడా పాటలో భాగమే అనుకుని ప్రేమించాం. నా మోజు చూసి అల్లుడు టిక్కెట్లు తీశాడు. అతనికి తెలిసిన డిలన్ పాటలు రెండే, ‘బ్లోయింగ్ ఇన్ ద విండ్’, ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’. దారిపొడుగునా కారులో అవే పెట్టాడు. ఆ రెండూ ఈ టూరు జాబితాలో లేవని నాకు తెలుసు. పిల్లవాడి ఉత్సాహం ఎందుకు చంపాలని ఊరుకున్నాను.

గేటు దగ్గర ఒకమ్మాయి మెత్తటి సంచులు పంచుతోంది. ఫోను అందులో పెట్టి పైన మడిచి నొక్కితే టక్కుమని తాళం పడుతుంది. సంచి మన చేతికే ఇస్తారు. అంటే ఫోను మన దగ్గరే ఉంటుంది, మన వశంలో ఉండదు. బయటికి వెళ్లేటప్పుడు ఒక గుండ్రటి దిమ్మకు తాకిస్తే అయస్కాంతం తాళం వదులుతుంది. మా అల్లుడు ఆ సంచిని అటు తిప్పి, ఇటు తిప్పి, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని వేలితో తడిమి చూశాడు.

“ఇంత డబ్బు పోసి ఒక్క ఫొటో లేకుండా ఎలా మావయ్యగారూ? వెళ్లామంటే అత్తయ్యగారు నమ్ముతారా?”

“ఆవిడ ఫొటో చూపించినా నమ్మదులే,” అన్నాను.

2019లో వియన్నాలో జనం ఫోన్లు పైకెత్తుతుంటే డిలన్ పాట మధ్యలో ఆపేసి, పాడమంటారా, ఫొటోలకి నిలబడమంటారా అని అడిగిన కథ చెప్పాను. ఆ విసురులో వెనక్కి తగ్గబోయి అక్కడున్న స్పీకరు తట్టుకుని తూలాడు కూడా. అల్లుడికి కథలో ఆ తూలిన ముక్క మాత్రమే నచ్చింది.

ఫోన్లు లేని హాలు ఎలా ఉంటుందో మనం మర్చిపోయాం. మొదట జనానికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. జేబులు తడుముకున్నారు, టిక్కెట్టు మీది అక్షరాలన్నీ చదివారు. తర్వాత గతిలేక పక్కవాళ్లతో మాటలు కలిపారు. నా పక్కన ఒక పెద్దాయన, మాసిన జీన్స్ చొక్కా. ఎన్నిసార్లు విన్నారని అడిగితే లెక్క మానేశానన్నాడు. నేను ఇండియా నుంచి వచ్చానని తెలిశాక షిల్లాంగ్ గురించి అడిగాడు! అక్కడ లూ మజావ్ అనే గాయకుడు 1972 నుంచి ఏటా మే 24న డిలన్ పుట్టినరోజు చేస్తాడు, నిక్కరు తొడుక్కుని ఆయన పాటలు పాడతాడు. ఆ సంగతి ఈయనకు తెలుసు. హైదరాబాదు ఎక్కడుందో మాత్రం తెలియదు. లైట్లు ఆర్పే ముందు నాకొక సలహా ఇచ్చాడు. ఏ పాటో పోల్చుకోవాలని తొందరపడొద్దు, మాట వినబడేదాకా ఆగండి, అని.

ముందు పాడేవాళ్లు ఎవరూ లేరు, పరిచయాలు లేవు. వేదిక మీద దీపాలది గుడ్డి వెలుగు. పియానో వెనక ఒక జుట్టు కదిలింది. అదే డిలన్. ఆయన కచేరీల్లో గిటార్ తగ్గించి పియానో ముందుకు చేరి ఇరవై ఏళ్లు దాటింది. చప్పట్లు ఇంకా ఆగకుండానే మొదటి పాట. రెండో పాటకి వాద్యాలు ఏవో మోగాయి. నాకు తెలిసిన పాటలా లేదు. గొంతు వచ్చింది, అప్పటికీ అంతే. రెండో చరణం మాటలు చెవిన పడ్డాక గాని అది 1966 నాటి ‘బ్లాండ్ ఆన్ బ్లాండ్’లో పాటని వెలగలేదు. హాస్టల్ గదిలో ఎన్ని వందలసార్లు విన్నానో ఆ పాట! చుట్టూ ఇదే వరస. ఒక మూల నుంచి ముందు ‘ఓహో’ అని వినిపిస్తుంది, ఇంకో మూల నుంచి తర్వాత. ఎవరికి ఎప్పుడు వెలిగిందో చీకట్లో వినే తెలుసుకోవచ్చు.

నాకు మన సంగీత సభలు గుర్తొచ్చాయి. వర్ణం అయ్యాక విద్వాంసుడు ఆలాపన అందుకోగానే ముందు వరసలో గుసగుసలు. కాంభోజా? హరికాంభోజా? ఆగవయ్యా, నిషాదం రానీ! పోల్చుకున్నవాడు పక్కవాడి కేసి చూసి తల ఊపుతాడు. పోల్చుకోలేనివాడు కూడా తలే ఊపుతాడు. పాట ఏదో ముందే తెలిసిపోతే ఆ సరదా లేదు. నిన్న పాడినట్టే ఇవాళా పాడితే పాఠం అప్పజెప్పాడని పెదవి విరుస్తాం.

అదే మనమే, మర్నాడు సినిమా పాటల ఆర్కెస్ట్రాకి వెళితే వేరే మనుషులం. మధ్యలో వేణువు ఒక్క స్వరం జారితే ఒప్పుకోం. చీటీ రాసి పంపిన పాట పాడాలి, రికార్డులో ఉన్నట్టే పాడాలి. ‘పాడుతా తీయగా’లో బాలుగారు పిల్లలకు ఆ ఒక్క సంగతి మళ్లీ పాడి చూపించి, ఒరిజినల్లో ఇలా ఉంటుంది నాన్నా అని సరిదిద్దడం వింటూ పెరిగిన చెవులు మనవి. తప్పేం లేదు. ఎవరో కట్టిన బాణీకి మరొకరు ఇచ్చే మర్యాద అది. కానీ మాటా బాణీ గొంతూ మూడూ తనవే అయిన మనిషి ఎవరికి మర్యాద ఇవ్వాలి? బాలమురళీకృష్ణగారు నాలుగేసి స్వరాలతో రాగాలు పుట్టించి పాడితే పండితులు ఆయన మీదికి లేచారు. వాగ్గేయకారుడి పని ఒకసారి బాణీ కట్టడంతో అయిపోతుందనుకుంటే ఎలా? డిలన్‌తో జనం గొడవంతా ఇదేనని నా అనుమానం. ఆయన సభలో కూర్చున్నట్టు పాడతాడు, వాళ్లు ఆర్కెస్ట్రాకి వచ్చినట్టు వింటారు.

గొంతు సంగతి దాచేదేం లేదు. బొంగురు. పై స్వరాలకు వెళ్లాల్సిన చోట మాటను విరిచేసి కిందే ఉండిపోతాడు. అయితే 2020లో వచ్చిన ‘రఫ్ అండ్ రౌడీ వేస్’ పాటలు వింటే ఒకటి తెలిసింది. అవి ఈ గొంతుకి కొలతలు తీసుకుని కుట్టినవి. ఎక్కడా బిగుతు లేదు. పాతవి ఇరవై అయిదేళ్ల కుర్రాడి కొలతలవి, వాటిని విప్పి మళ్లీ కుట్టుకోవాలి. అందుకే కాబోలు పదిహేడు పాటల్లో తొమ్మిది కొత్త ఆల్బంలోవే పెట్టుకున్నాడు. ఆ తొమ్మిదీ పాడుతున్నప్పుడు హాల్లో దగ్గు వినబడలేదు.

ఇక కోపతాపాలంటారా, అవి ఇవాళ్టివి కావు. 1965 జూలైలో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని వచ్చినందుకు కేకలు వేశారు. మరుసటి మే నెలలో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో, రెండు పాటల మధ్య నిశ్శబ్దంలో, ఒకడు ‘జూడాస్’ అని అరిచాడు. క్రీస్తును పట్టిచ్చినవాడి పేరు. అంతకన్నా పెద్ద తిట్టు ఉండదు. డిలన్ నిన్ను నమ్మనన్నాడు, అబద్ధాలకోరువన్నాడు, వెనక్కి తిరిగి వాద్యగాళ్లను ఇంకా గట్టిగా వాయించమన్నాడు. ఆ రాత్రి రికార్డింగు దొంగచాటుగా ఏళ్ల తరబడి చేతులు మారింది, అదీ లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లోదన్న తప్పు పేరుతో. 1998లో కంపెనీవాళ్లే విడుదల చేశారు. అరుపు తీసెయ్యలేదు. అరిచినవాడు కూడా టిక్కెట్టు కొనుక్కుని, ఆ రోజు కోసం ఎదురుచూసి వచ్చినవాడే కదా. ఇష్టం లేనివాడు అంత దూరం వచ్చి అరవడు. 1979 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో పద్నాలుగు రాత్రులు భక్తి పాటలే పాడాడు, పాత పాట ఒక్కటీ లేదు. అప్పుడూ అదే రభస.

మా రాత్రికి ఊరి పాట ఏదీ రాలేదు. అదొక లోటుగానే ఉంది. ఆఖర్న ‘ఎవ్రీ గ్రెయిన్ ఆఫ్ శాండ్’. అందులో ఆయన హార్మోనికా జేబులోంచి తీసి పెదవి దగ్గర పెట్టుకోగానే, ఇంకా ఊదక ముందే, హాలంతా లేచి నిలబడింది. ఆ చిన్న రేకు ముక్క కోసం ఆ ముసలి ప్రాణాలన్నీ సాయంత్రం నుంచీ కాచుకుని ఉన్నాయి. ఊదాడు. ఎంతోసేపు కాదు. పియానో వెనక నుంచి ముందుకొచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని, మమ్మల్నే తనిఖీ చేస్తున్నట్టు ఒక చూపు చూసి వెళ్లిపోయాడు. ‘ఇంకొకటి’ అని ఎంత అరిచినా తిరిగి రాలేదు.

బయట ఆ దిమ్మ దగ్గర పెద్ద వరస. సంచులు తాకించుకునేవాళ్లు తాకించుకుంటూనే పోట్లాడుకుంటున్నారు. ఒకావిడ మొగుడి మీద విరుచుకుపడుతోంది, ఒక్క పాట తెలిసింది లేదు, ఒక్క మాట అర్థమైంది లేదు, ఇందుకా పెళ్లిరోజు నాడు తీసుకొచ్చావు అని. ఆయన మొహం వెలిగిపోతోంది, ఆవిడ మాటలు చెవికెక్కుతున్నట్టు లేదు. నా పక్క సీటాయన ఎవరికో పందెం చెల్లించుకుంటున్నాడు. పందెం దేని మీదో తెలియలేదు. మా అల్లుడు కారెక్కాక కాసేపు మాట్లాడలేదు.

“ఆ పియానో ఆయన నిజంగా డిలనేనా మావయ్యగారూ? ఎవరినైనా కూర్చోబెట్టారా?”

“హార్మోనికా విన్నావు కదా?”

“అది ఒరిజినలే,” అని ఒప్పుకున్నాడు. ఇంటికి వెళ్లేటప్పుడు కారులో పాత పాటలు పెట్టలేదు. కొత్త ఆల్బం వెతికి పెట్టాడు. నేనేమీ అనలేదు.

ఆ కొత్త ఆల్బం పేరుతో నడిచిన టూరు పోస్టరు మీద మొదటి నుంచీ ‘2021–2024’ అని ఉంది. ఎనభై ఏళ్ల వయసులో మొదలుపెట్టి మూడేళ్ల తర్వాతి సంవత్సరం అచ్చు వేయించడం ధీమాగా తోచింది కొందరికి, ఆ తర్వాత ఇక లేదేమోనని గుబులు పుట్టింది కొందరికి. 2024 నవంబరులో ఆఖరి మూడు రాత్రులూ రాయల్ ఆల్బర్ట్ హాల్లో, ఈసారి నిజంగానే. ఎక్కడెక్కడి నుంచో విమానాలెక్కి వెళ్లారు. ఇదే చివరిదని కళ్లు తుడుచుకున్నవాళ్లున్నారు. ఆయన వీడ్కోలు ముక్క ఒక్కటీ చెప్పలేదు. మరుసటి మార్చిలో ఓక్లహామాలోని టల్సాలో, అదే టూరు పేరుతో మళ్లీ కనిపించాడు. కార్చిన కన్నీళ్లు వెనక్కి తీసుకోలేక అభిమానులు పాటల జాబితా పట్టుకుని మళ్లీ మొదలుపెట్టారు, ఆ పాట ఎందుకు తీసేశాడు, ఈ పాట ఇంకా ఎందుకు ఉంచాడు అని.

తారీఖులు వచ్చిన వారంలోనే అల్లుడు ఫోన్ చేశాడు.

“ఈసారైనా ‘రోలింగ్ స్టోన్’ పాడతాడంటారా?”

“పాడడు.”

“మరి ఎన్ని టిక్కెట్లు తియ్యను? అత్తయ్యగారు కూడా వస్తారా?”