గా బిడ్డ గాదు, నా బిడ్డ

పెళ్ళయ్యాక ఆడవాళ్ళ ఇంటిపేరు మారడం గురించి మనం చాలాకాలంగా మాట్లాడుకుంటున్నాం. మార్చుకోనని పట్టుబట్టి నెగ్గినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. నేనూ మార్చుకోలేదు. కానీ నా యాస మారింది. దానికి దరఖాస్తు అక్కరలేదు, సంతకం అక్కరలేదు. అందుకే కాదనే సందర్భం కూడా రాదు.

మాది వరంగల్ పక్కన పల్లె. 2016లో పెళ్ళయి గుంటూరు వచ్చాను. మొదటివారంలోనే "అత్తమ్మా, తిన్నవా?" అని అడిగాను. మా ఊళ్ళో ఆ మాటలో ఆపేక్ష తప్ప మరేం లేదు. మా అమ్మ తన అత్తను చివరిదాకా నువ్వనే పిలిచింది. ఇక్కడ అందరూ ఒక్కక్షణం ఆగిపోయారు. ఎవరూ తిట్టలేదు. "వాళ్ళవైపు అంతేలెండి, మర్యాదలు తెలియవు" అని పక్కింటావిడకు సర్దిచెప్పారు. నెల తిరక్కుండా "అత్తయ్యగారూ, భోంచేశారా?" వచ్చేసింది. మావారు హైదరాబాదులో చదివిన రోజుల్లో పట్టుకొచ్చిన "జర", "పరేషాన్" మాత్రం ఇంటిల్లిపాదికీ ముచ్చట. ఆయన నోట సరదా, నా నోట సంస్కారలోపం. ఆయన మా ఊరొస్తే ఆయన మాటతీరు మార్చుకోమని అడిగినవాళ్ళూ లేరు. అల్లుడు ఎంత మర్యాదగా మాట్లాడతాడోనని మురిసిపోయారు.

ఈ మర్యాద వ్యాకరణంలో ఎక్కడుంది? మగవాడు "వచ్చాడు", మా దగ్గరైతే "వచ్చిండు". స్త్రీ "వచ్చింది". ఆవూ వచ్చింది, బస్సూ వచ్చింది. ఈ సూత్రం కృష్ణకు ఇవతలా అవతలా ఒకటే. ఆ వరుసలోంచి స్త్రీ బయటపడాలంటే ఉన్న దారి గౌరవ బహువచనం. అది ఎవరికి దక్కాలో వయసు, కులం, డబ్బు తేలుస్తాయి. అత్తయ్యగారు వచ్చారు, పనిమనిషి వచ్చింది. మా ఊళ్ళో నాట్లకొచ్చే ఆడవాళ్ళు అమ్మను నువ్వనేవాళ్ళు, అమ్మా వాళ్ళను నువ్వనేది. అలాగని మా భాష సమానత్వానికి పుట్టిల్లని చెప్పను. "నీ బాంచెన్ దొరా" అన్న మాటా మా నేల మీదిదే.

గ్రాంథికం మీద గిడుగు రామమూర్తి పోరాడింది జనం మాట్లాడే భాష కోసం. కానీ పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో చివరికి స్థిరపడింది ప్రధానంగా కృష్ణా, గుంటూరు, ఉభయ గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళ భాష. గిడుగు పుట్టిన శ్రీకాకుళం ప్రాంతపు మాటతీరుకు కూడా అందులో చోటు దక్కలేదు. సినిమాల్లో మా యాస ఏళ్ళతరబడి విలన్లకూ హాస్యగాళ్ళకూ పనికొచ్చింది. 2017లో "ఫిదా" వచ్చాక, నేను పాఠం చెప్పే కాలేజీలో పిల్లలు "మేడం, ఒక్కసారి ఫిదాలోలాగా మాట్లాడండి" అనేవారు. వెక్కిరింత పోయి వేడుక వచ్చింది. రెండింట్లోనూ యాసను వింటారు, చెప్పే విషయాన్ని వినరు.

వినకపోతే ఏమవుతుందో 2019లో నా కాన్పప్పుడు తెలిసింది. పాప పుట్టిన రాత్రి రక్తం ఎక్కువగా పోయి నాకు స్పృహ తప్పింది. తోడున్న అమ్మ నర్సు దగ్గరికి పరుగెత్తి "నా బిడ్డకు సోయి తప్పింది" అంది. మాకు బిడ్డంటే కూతురు. నర్సుకు బిడ్డంటే పసిగుడ్డు. ఆమె గబగబా ఉయ్యాల దగ్గరికెళ్ళి చూసి, "బిడ్డ బాగానే ఉందమ్మా, నిద్రపోతోంది" అని తిరిగి వెళ్ళబోయింది. "గా బిడ్డ గాదు, నా బిడ్డ!" అని అరిచి, చెయ్యి పట్టి నా మంచం దగ్గరికి లాక్కొచ్చిందట అమ్మ. రక్తం ఎక్కించారు, బతికాను. నర్సును తప్పుపట్టను. ఆ మాటకు ఇంకో అర్థముందని ఆమెకు ఎవరు చెప్పారు గనక?

తర్వాత మూడునెలలు అమ్మ మా ఇంట్లోనే ఉంది. పెద్దవాళ్ళతో దాదాపు మాట్లాడలేదు. పాపకు నీళ్ళు పోసేటప్పుడు మాత్రం ఆగేది కాదు. దూప, యాది, నిమ్మళం అన్న మాటలు నా కూతురి చెవిన పడింది అలాగే.

తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలను స్త్రీశక్తి సంఘటన 1986లో "మనకు తెలియని మన చరిత్ర"గా తెచ్చింది. ఆ తర్వాత జూపాక సుభద్ర, గోగు శ్యామల, జాజుల గౌరి తమ మాటలోనే కథలు రాశారు. వాళ్ళమీద మా బోటివాళ్ళం రాసే సిద్ధాంత గ్రంథాలు మాత్రం ప్రమాణభాషలోనే ఉంటాయి, ఈ వ్యాసంలాగే. కథలో మాండలికానికి చోటుంది, విమర్శలో లేదు. అంటే అనుభవానికి ఒక భాష, ఆలోచనకు ఇంకో భాష. ఈ పంపకం మనకు కొత్తది కాదు. స్త్రీలది అనుభవం, పురుషులది సిద్ధాంతం అన్నప్పుడు మనం ఒప్పుకోలేదు. యాసల విషయంలో ఎందుకు ఒప్పుకోవాలి?

నా క్లాసులో ఎవరైనా విద్యార్థి తన తల్లి మాట్లాడే తెలుగులో సెమినార్ పత్రం రాస్తానంటే, రాయమంటాను. పైవాళ్ళు అడిగితే దానికోసం వాదిస్తాను. ఆ తెలుగులో ఆలోచనకు మాటలు చాలవన్న భయమేమీ లేదు. ఆ రాత్రి అమ్మ అన్న "సోయి" ఒంటి తెలివి. అదే మాట తెలంగాణలో ఎరుక, చైతన్యం కూడా.