లంగరు

'ప్రబోధచంద్రోదయం' పాఠం చెప్పే రోజున ఒక జర్మన్ రేఖాచిత్రపు అచ్చుప్రతిని తరగతికి తీసుకొని వెళ్లడం నాకు అలవాటు. కృష్ణమిశ్రుని ఆ నాటకాన్ని నంది మల్లయ, ఘంట సింగనలు తెనిగించారు. అందులో శాంతి తన తల్లి అయిన శ్రద్ధను వెదకుతూ తిరుగుతుంది. కంటికి కనబడని గుణానికి స్త్రీరూపమివ్వడం మన కవులకే కాక, పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ చిత్రకారులకూ ఇష్టమైన పని అని చూపడమే నా ఉద్దేశం.

ఆ విద్యకు ఆగ్స్‌బర్గ్ నగరం నిలయం. అక్కడి బెర్గ్‌ముల్లర్ (1688–1762) వంటి చిత్రకారులు చర్చి పైకప్పుపై వేయబోయే దృశ్యాన్ని ముందుగా కాగితంపై కలంతో గీసి, పలుచని సిరాపూతతో నీడలు దిద్దేవారు. ఏ గుణం చేతిలో ఏ వస్తువుండాలో తెలిపే కోశాలు కూడా వారికి ఉండేవి. ఇటలీకి చెందిన చేసారె రీపా 1593లో వెలువరించిన అటువంటి కోశాన్ని, 1758–60 ప్రాంతంలో ఆగ్స్‌బర్గ్‌లోనే ఐక్లర్ గీసిన బొమ్మలతో హెర్టెల్ ప్రచురించాడు. విశ్వాసానికి సిలువ, పానపాత్ర, ప్రేమకు పసిపిల్లలు, నిరీక్షణకు లంగరు. ఏళ్ల తరబడి ఈ జాబితాను అప్పజెప్పి తృప్తిపడ్డవాడిని నేను.

ఒక సంవత్సరం చివరి బల్ల నుంచి ఒక విద్యార్థి లేచాడు. తండ్రితో వేటకు వెళుతూ తరగతులకు సరిగా రానివాడు. హాజరు చాలదని ముందురోజే గట్టిగా మందలించాను.

"సార్, లంగరు ఆమె చేతిలో ఉందంటే పడవ ఇంకా నిలవలేదన్నమాటే కదండీ! పట్టు దొరికిన లంగరు పైకి కనబడదు సార్."

తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బైబిలులో హెబ్రీయులకు వ్రాసిన పత్రిక నిరీక్షణను ఆత్మకు లంగరుగా చెబుతూ, అది తెర లోపలికి ప్రవేశిస్తుందని అంటుంది. ఆ మాట నేను ఎన్నోసార్లు చదివాను. లోపలికి వెళ్లినది కనబడదన్న సంగతి మాత్రం తట్టలేదు. కనబడనిదానిని గీయక తప్పని ఆ చిత్రకారుల ఇబ్బంది అప్పుడు గాని బోధపడలేదు.

ఆ మధ్యాహ్నం హాజరుపట్టీ ముందు చాలాసేపు కూర్చున్నాను. అతను సముద్రం మీద గడిపిన దినాలన్నీ అందులో సున్నాలు. మినహాయింపు కోరుతూ ప్రిన్సిపాల్‌గారికి లేఖ వ్రాశాను.

మరునాడు అతనిని పిలిచి, లంగరు వేసేటప్పుడు తాడు ఎంత వదలాలని అడిగాను. నీటి లోతుకంటె ఎన్నో రెట్లు వదలాలంటూ రెండు చేతులూ బారలు చాచి కొలిచి చూపించాడు.