ఈఎంఐకి మూఢం లేదు

మా బావగారికి రెండు లారీలున్నాయి. రెండూ ఫైనాన్సులో తీసుకున్నవే, రెండూ తమ అప్పు తామే తీర్చుకున్నవే. అందుకని ఏ సామానైనా కిస్తీ మీద కొని పనిలో పెడితే దాని బాకీ అదే తీర్చుకుంటుందని ఆయనకు గట్టి నమ్మకం. నేను బెజవాడలో పెళ్లి ఫోటోలు తీస్తాను. పెద్ద పెళ్లి తగిలినప్పుడల్లా మంచి బాడీ, లెన్సులు అద్దెకు తెచ్చుకుంటున్నానని తెలిసి, 2024 సంక్రాంతికి ఆయన అన్న మాట నాకింకా అరగలేదు. "అద్దె డబ్బు బూడిదలో పోసిన పన్నీరు బామ్మర్దీ. అదే కిస్తీ కట్టావనుకో, చివరికి వస్తువు నీది. రూపాయి వడ్డీకి నేనిప్పిస్తా, ఇంకేం కావాలి?"

తెలిసిన ఫైనాన్సు వాళ్లతో ఆయనే మాట్లాడారు. ఫిబ్రవరిలో ఫుల్ ఫ్రేమ్ బాడీ, 24-70, 85, రెండు ఫ్లాష్‌లు, కార్డులు అన్నీ కలిపి 4,40,000 అయింది. చేతిలోంచి 80,000 పెట్టాను. మిగతా 3,60,000 అప్పు, 24 నెలలు.

ముందు ఆ రూపాయి వడ్డీ సంగతి చూద్దాం. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12, రెండేళ్లకు 24. 3,60,000 మీద 86,400 వడ్డీ. అసలుతో కలిపి 4,46,400. 24 నెలలకు పంచితే నెలకు 18,600. నోటిలెక్కకు చక్కగా కుదిరింది, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కానీ ఇది ఫ్లాట్ వడ్డీ. ఏడాది తిరిగేసరికి నా బాకీ రెండు లక్షల దాకా దిగినా, వడ్డీ మాత్రం మొదటిరోజు నాటి 3,60,000 మీదే నడిచింది. తగ్గే బాకీ మీద లెక్కేస్తే అది రూపాయి కాదు, రూపాయి ఎనభై పైసలు. ఏడాదికి 21.6 శాతం! నిజంగా రూపాయి వడ్డీయే అయితే ఈఎంఐ 16,946 ఉండాలి, మొత్తం వడ్డీ 46,700 దాకా రావాలి. తేడా 39,700. ఊళ్లో నోటు రాయించుకుని అప్పిచ్చే ఆసామి కూడా మధ్యలో అసలు జమేస్తే ఆ మేరకు వడ్డీ తగ్గిస్తాడు.

ఇది సగం కథే. ఆ ఏడాది ఏప్రిల్ నెలాఖరులో శుక్ర మూఢం వచ్చింది. దాని మధ్యలోనే గురు మూఢం. రెండూ వదిలాయనుకునేసరికి ఆషాఢం. ఆగస్టు మొదటి వారం దాకా ముహూర్తాల్లేవు. బంగారంలాంటి వైశాఖం, జ్యేష్ఠం రెండూ ఖాళీ. బారసాలలకు మూఢం అడ్డురాదు కానీ వాటికి ఇచ్చే డబ్బుతో పెట్రోలు, అసిస్టెంటు కూలీ గడుస్తాయి, అంతే. మే, జూన్, జులై, ఆగస్టు: నాలుగు కిస్తీలు, 74,400. జులైది బౌన్సయింది. ఇటు బ్యాంకు చార్జీ వేసింది, అటు ఫైనాన్సు వాళ్లూ వేశారు. ఆగస్టుది కట్టడానికి మా ఆవిడ గొలుసు తాకట్టులోకి వెళ్లింది. బావగారి లారీ ఆషాఢంలోనూ సిమెంటు మోస్తుంది. ఆ తేడా ఆయనకు తట్టకపోవడంలో వింత లేదు. పంచాంగం చూసి బతికే నాకైనా తట్టాలి కదా!

ఇక అద్దె లెక్క. ఆ సెట్టంతా రోజుకు 3,000కి దొరికేది. సొంతానికి ఎంతయింది? చేతి డబ్బు 80,000, కిస్తీలు 4,46,400, ఇన్సూరెన్సు, సర్వీసింగు కలిపి రెండేళ్లకు 22,000. మొత్తం 5,48,400. అప్పు తీరాక సెకండ్‌హ్యాండ్ షాపులో 2,40,000 ఇస్తామన్నారు. అది తీసేస్తే 3,08,400. దాన్ని 3,000తో భాగిస్తే 103 రోజులు. అంటే రెండేళ్లలో 103 రోజుల పని తగిలితేనే సొంతం, అద్దె సమానం. నా డైరీలో ఆ సెట్టు అవసరమైన రోజులు 81. అద్దెకే తెచ్చుంటే 2,43,000తో పోయేది. బూడిదలో పోసింది 65,400, అదీ బౌన్సులు, గొలుసు మీద వడ్డీ కలపకుండా.

"టాక్సులో కలిసొస్తుందిగా" అని కూడా అన్నారు బావగారు. కెమెరాకు తరుగుదల ఏడాదికి 15 శాతం. ఫిబ్రవరిలో కొన్నాం కాబట్టి 180 రోజుల లోపు వాడకం కింద ఆ ఏడాదికి అందులో సగమే, 33,000. పైగా అప్పటి చట్టంలోని 44ఏడీ కింద అంచనా లాభం చూపించి రిటర్ను వేసేవాడికి తరుగుదల విడిగా ఇచ్చేవారు కాదు. అసలు నా ఆదాయానికి కట్టాల్సిన పన్నే లేదు. ఇక దేంట్లోంచి కలిసొస్తుంది?

సొంతం తరఫున ఒక్క మాట ఉంది, అది బావగారు అనలేదు. మంచి ముహూర్తం రోజు ఊళ్లో ఉన్న బాడీలన్నీ ముందే బుక్కయిపోతాయి. పొద్దున రెంటల్ షాపుకెళ్తే మౌంటు అరిగిన లెన్సు చేతిలో పెడతారు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఫోకస్ అటూ ఇటూ వెతుక్కుంటూ కూర్చుంటే రెండో టేకు ఉండదు. అందుకని ప్రతి పనికీ వాడే బాడీ ఒకటి, 24-70 ఒకటి సొంతంగా ఉంచుకుని, 85, 70-200, గింబల్ లాంటివి అద్దెకు తెచ్చుకోవడమే నయం. అప్పే కావాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ముద్రలో కిషోర్ కింద 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. బ్యాంకు చుట్టూ తిరిగే ఓపిక ఉండాలి, అంతే.

మొన్న మా అక్కయ్య ఇంట్లో గృహప్రవేశానికి ఫోటోలు తీస్తుంటే బావగారు పదిమందిలో అన్నారు: "నేను చెప్పబట్టే వీడికంటూ ఒక కెమెరా ఉంది." నేను ఫ్లాష్ సరిచేసుకున్నాను. అక్కయ్య ముఖం చూసి ఊరుకున్నాను కానీ, కాగితం మీద లెక్క మాత్రం నా వైపే ఉంది.

2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే ఇలాంటి కొత్త అప్పులకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని బ్యాంకులకు, ఫైనాన్సు కంపెనీలకు రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. చార్జీలన్నీ కలుపుకుని ఏడాదికి అసలు వడ్డీ ఎంత పడుతుందో అందులో ఏపీఆర్ అని ఉంటుంది. కెమెరా కొనబోతున్న తమ్ముళ్లూ, ఆ కాగితం, కిస్తీల షెడ్యూలు అడిగి తీసుకోండి. షెడ్యూలులో మూఢం, ఆషాఢం, భాద్రపదం, పుష్యం పడే నెలలకు ఎర్ర సిరాతో గీత పెట్టండి. ఆ నెలల కిస్తీలకు సరిపడా డబ్బు ముందే బ్యాంకులో లేకపోతే సంతకం పెట్టకండి.