నాన్నగారి బద్ద

విశాఖపట్నంలో సింధియా అనే పేటకు ఆ పేరు ఎలా వచ్చిందో ఇప్పటి పిల్లలు అంతగా ఎరగరు. సింధియా అన్నది వాల్‌చంద్ హీరాచంద్ గారి ఓడల కంపెనీ పేరు. 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ గారి చేత శంకుస్థాపన చేయించి, ఆ కంపెనీవారు అక్కడ ఓడలు కట్టే కార్ఖానా పెట్టారు. 1948 మార్చి 14న నెహ్రూ గారు ‘జల ఉష’ అనే 8 వేల టన్నుల ఓడను అక్కడే నీళ్ళలోకి విడిచారు. 1952లో ప్రభుత్వం పెద్ద వాటా తీసుకోవడంతో అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. ‘జల ఉష’ జారిన నాడు గట్టు మీద నిలబడి చూసిన పనివాళ్ళలో మా నాన్నగారు ఒకరు. అప్పటికాయనకు 22 ఏళ్ళు.

మాది వడ్రంగుల ఇల్లు. తాతగారు నాగళ్ళు, బండి చక్రాలు, ద్వారబంధాలు చేసేవారు. నాన్నగారు ఎనిమిదో క్లాసుతో బడి మానేసి, ఉలీ బాడిసా సంచిలో వేసుకుని విశాఖ వచ్చారు. వడ్రంగికి ఇనప ఓడతో ఏం పని అని మీరడగవచ్చు.

ఆ రోజుల్లో ఓడ ముందు చెక్క మీదే పుట్టేది. మోల్డ్ లాఫ్ట్ అని చెక్క నేల పరిచిన పెద్ద హాలు ఉండేది. కాగితం మీద అడుగుకు పావు అంగుళం చొప్పున గీసిన ఓడను ఆ నేల మీద అసలు కొలతకు గీయాలి. అంటే 48 రెట్లు. కాగితం మీద వెంట్రుకవాసి తేడా నేల మీదికి వచ్చేసరికి కందిగింజంత అవుతుంది. అందుకని అంకెల ప్రకారం మేకులు కొట్టి, వాటి వెంట సన్నని పొడుగాటి చెక్క బద్దను వంచేవారు. బద్ద ఎక్కడా బిగుసుకోకుండా తనంత తాను వంగి నిలిస్తే గీత సరి. లేదంటే మేకు జరపాలి. ఆ గీతలను బట్టి చేసిన పల్చని చెక్క నమూనాలు పెట్టే ఇనప రేకులు కోసేవారు. గీత తప్పితే రేకూ రేకూ కలవవు.

నాన్నగారు నేల మీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి గీత పొడుగునా చూసేవారట. “ముందు బద్ద ఒప్పుకోవాలి, తరవాత కన్ను ఒప్పుకోవాలి, ఆ తరవాతే అంకె” అనేవారు. రాత్రిపూట కూచుని డ్రాయింగు నేర్చుకున్నారు. డిగ్రీలున్న కుర్ర ఇంజనీర్లు గాంధీగ్రామ్‌లో మా క్వార్టర్సుకు వచ్చి, అరుగు మీద కూచుని ఆయన్ని సందేహాలు అడగడం నాకు బాగా గుర్తు. కాగితాల మీద మాత్రం ఆయన ఇంజనీరు కారు.

ఇంట్లోనూ అదే చేయి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు వచ్చి కింద కూచోలేకపోతే, నాన్నగారు ఒక తాడు తెచ్చి, నేల నుంచి ఆమె మోచేతి దాకా కొలిచి ముడి వేశారు. ఆ ముడి ఎత్తుకు వంటగట్టు కట్టించి, కత్తిపీటకు కాళ్ళు బిగించారు. నిలబడి వంట చేయడం మా వీధిలో అమ్మతోనే మొదలు. ముందు నవ్విన ఇరుగుపొరుగు ఆడవాళ్ళే తరవాత తాళ్ళు పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

చెల్లెలికి చిత్రిక పట్టడం నేర్పారు. నన్ను మాత్రం పుస్తకాలకు తోలారు. “నీ చేతికి కన్ను లేదురా బాబూ, చదువుకో” అన్నారు. చేతిపని చిన్నదని కాదు, అది నాకు అబ్బదని! అలా నేను ఇంజనీరునై గ్లాస్గో వచ్చాను.

1985లో ఆయన రెండు నెలలు మా దగ్గర ఉన్నారు. కోటలూ కొండలూ చూపిస్తానంటే వద్దని గోవన్ తీసుకెళ్ళమన్నారు. క్లైడ్ ఒడ్డున నిలబడి, సగం కట్టిన ఓడ పక్కటెముకలకేసి చాలాసేపు చూసి, “వీళ్ళ బద్దా మన బద్దలాగే వంగుతుందిరా” అన్నారు. 1999లో కాలం చేశారు. ఇప్పుడా గీతలు కంప్యూటరు గీస్తున్నది. రేకును రేకుతో కలిపే పనికి మాత్రం ఇంకా మనిషి చేయి కావాలి.

ఆ పని నేర్చుకోవడానికే మా మనవరాలు ఈ ఏడాది యూనివర్సిటీ వద్దనుకుని క్లైడ్ ఒడ్డున అప్రెంటిస్‌గా చేరింది. అప్పటి నుంచి మనవాళ్ళు కనిపించినప్పుడల్లా, ఇంట్లో ఏదో జరగరానిది జరిగినట్టు పరామర్శిస్తున్నారు. “చదువు అబ్బలేదా పాపం” అని ఒకరు, “ఆడపిల్లకు ఇనప పనేమిటండీ” అని ఒకరు. వాళ్ళను తప్పు పట్టను. మనమందరం సర్టిఫికెట్లు చేతపట్టుకుని సముద్రం దాటినవాళ్ళమే, ఆ అన్నమే తింటున్నాము. కాని ఆ సర్టిఫికెట్టు కోసం నా ఫీజు కట్టినది బద్ద వంచిన చేయి.

ఏటా మన పత్రికలో పరీక్షలు నెగ్గిన పిల్లల పేర్లు వేస్తాము. డాక్టర్లు, లాయర్లు, అకౌంటెంట్లు అందరూ ఉంటారు. ఈసారి ఆ జాబితాలో ఒక అప్రెంటిస్ పేరు కూడా వేయవలసిందిగా సంపాదకులను కోరుతున్నాను. అక్షరాలు మిగతా పేర్ల సైజులోనే ఉంటే చాలు.