కిటికీ పక్క సీటు

బందరు నుంచి బెజవాడ వెళ్లే బస్సులో కిటికీ పక్క సీటు కోసం రుమాలు విసిరి పెరిగినవాణ్ణి. బస్సు స్టాండులోకి ఇంకా మలుపు తిరుగుతుండగానే కిటికీలోంచి రుమాలు పడాలి. పడితే ఆ సీటు మనదే. ఏ చట్టంలోనూ రాసి లేకపోయినా ఎవరూ కాదనరు. అరవై దాటినా ఆ బుద్ధి పోలేదు. కేప్ టౌన్‌లో టేబుల్ మౌంటెన్ కేబుల్ కార్ క్యూలో నిలబడి, "సముద్రం ఎడమవైపా, కుడివైపా?" అని మా అబ్బాయిని రెండుసార్లు అడిగాను. వాడు నవ్వి ఊరుకున్నాడు.

ఆ క్యూ దాకా రావడానికే మూడో రోజయింది. మేం వెళ్లింది డిసెంబరులో, అంటే అక్కడ ఎండాకాలం. ఆ రోజుల్లో ఆగ్నేయం నుంచి గాలి విరగదీస్తుంది. ఊళ్లో పొగా కంపూ ఊడ్చుకుపోతుందని దానికి 'కేప్ డాక్టర్' అని పేరు. డాక్టరుగారు వచ్చారంటే కేబుల్ కార్ బంద్. ఆ గాలే కొండెక్కి మబ్బవుతుంది. మూడు కిలోమీటర్ల పొడవున బల్లలా చదునుగా ఉన్న కొండ మీద తెల్లగా పరుచుకుని, అంచు దాటి కిందికి జారుతూ, సగం దారిలోనే కరిగిపోతుంది. ఎంత జారినా అయిపోదు. ఊరివాళ్లు దాన్ని బల్ల మీది గుడ్డ అంటారు. రెండు రోజులు ఆ గుడ్డకేసి చూసి వెనక్కి వచ్చాం. "తిరపతిలో అయితే కంపార్టుమెంటులో కూర్చోబెట్టి పాలైనా ఇచ్చేవాళ్లు," అంది మా ఆవిడ.

మూడో రోజు గాలి పడింది. కేబుల్ కార్ గుండ్రంగా, పెద్ద గంగాళంలా ఉంది. 65 మంది పడతారు. నేను భుజాలతో దారి చేసుకుని వెళ్లి సముద్రం వైపు కమ్మీ పట్టుకున్నాను. తలుపు మూశారు. కదిలింది. కదిలిన మరుక్షణం నా చెయ్యి ఒకవైపు, కాళ్లు మరోవైపు పోతున్నాయి. కమ్మీ ఉన్నచోటే ఉంది, నేల తిరుగుతోంది! పట్టుకోవద్దని ముందే చెప్పారట, నేను కిటికీ ధ్యాసలో వినలేదు. పైకి చేరేలోగా నేల పూర్తిగా ఒక చుట్టు తిరుగుతుంది. సముద్రం వచ్చింది, పోయింది. ఊరు వచ్చింది, పోయింది. ఆ తర్వాత చెయ్యి చాస్తే తగులుతుందేమో అన్నంత దగ్గరగా బూడిదరంగు రాతిగోడ, దాని పగుళ్లలో పొదలు. అద్దం లేని కిటికీ దగ్గరికి వచ్చేసరికి చల్లగాలి మొహాన కొట్టింది. అరవై ఐదుగురికీ అన్నీ కనిపించాయి. నా రుమాలు విద్య నిలువునా వృథా.

ఈ తీగ దారి 1929 అక్టోబరు 4న మొదలైంది. తిరిగే నేల వచ్చింది మాత్రం 1997లో. నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. మన కాళ్ల కింద, కారు అడుగున నీళ్ల తొట్టి ఉంటుంది. గాలికి ఊగకుండా బరువు కోసం నాలుగు వేల లీటర్ల దాకా నింపుతారు. పైన వాడకానికీ నీళ్లు కారులోనే వెళ్లాలి. బిందె చంకనెత్తుకుని కొండెక్కుతున్నట్టే.

అయిదు నిమిషాల్లో 1,067 మీటర్ల ఎత్తుకు చేరాం. పైన బండల మీద డాసీలు ఎండ కాచుకుంటున్నాయి. చూడ్డానికి తోకలేని పెద్ద పందికొక్కులు, చుట్టరికమేమో ఏనుగులతో. ఒకటి మా ఆవిడ చేతిలో బిస్కెట్టు పొట్లాం కేసి కన్నార్పకుండా చూసింది. దూరంగా సముద్రంలో పల్చటి పళ్లెంలా రాబెన్ దీవి. మండేలా 18 ఏళ్లు ఖైదులో ఉన్నది అక్కడే.

నా చూపు మాత్రం ఊరి మీద ఉంది. నడిబొడ్డుకు కాస్త కుడిగా, కొండ పాదం దగ్గర, ఎండుగడ్డి రంగులో ఖాళీ జాగా. చుట్టూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఇళ్లు. "ఇంత మంచి స్థలం మన రియల్ ఎస్టేటువాళ్ల కంట పడలేదేంరా?" అన్నాను.

"అది డిస్ట్రిక్ట్ సిక్స్, నాన్నా."

1966 ఫిబ్రవరి 11న ఆ పేటను తెల్లవాళ్ల ప్రాంతమని ప్రకటించారు. అరవై వేల మందిని లేపి ఊరి చివరి ఇసుక నేలల మీదికి తోలారు. ఇళ్లను బుల్డోజర్లతో కూల్చేశారు, చర్చిలూ మసీదులూ మాత్రం వదిలేశారు. రుమాలు వేసినవాడిదే సీటన్నది మా బస్సు న్యాయం. అక్కడ తరాలుగా కూర్చున్నవాళ్లనే లేపేశారు. లేపాక చాలామట్టుకు ఎవరూ కూర్చోలేదు కూడా.

ఆ పేటలో మొదట కాపురం పెట్టినవాళ్లలో విడుదలైన బానిసలున్నారు. బందరులో వలందపాలెం ఉంది, ఒలందావాళ్ల పేరు మీద. కేప్ టౌన్ కట్టిందీ ఆ డచ్చివాళ్లే. మన తీరం నుంచి వాళ్ల ఓడలు కలంకారీ బట్టల్నే కాదు, మనుషుల్నీ మోసుకెళ్లాయి. కేప్ పాత కాగితాల్లో కొందరు బానిసలకు ఇంటిపేరు ఉండాల్సిన చోట 'వాన్ కొరమాండల్' అని ఉంటుంది, కోరమాండల్ మనిషి అని. మనకది రైలు పేరు.

దిగేటప్పుడు ఏ వైపు నిలబడ్డానో గుర్తులేదు.

మర్నాడు డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియానికి వెళ్లాం. పాత చర్చిలో ఉంది. లోపల నేల మీద ఆ పేట పటం పెద్దగా పరిచి ఉంది, వీధివీధీ. ఖాళీ చేసిపోయినవాళ్లు వచ్చి, తమ ఇల్లున్న చోట తమ చేత్తోనే పేర్లు రాసుకున్నారు. జనం దాని మీదుగానే అటూ ఇటూ నడుస్తున్నారు. అలా నడవడానికే పరిచారు.

నేను పటం మధ్యకు వెళ్లి వంగి చదువుతున్నాను. వెనక్కి చూస్తే మా ఆవిడ అంచు దగ్గరే ఆగిపోయింది.

"రా, ఫరవాలేదు. తొక్కొచ్చట," అన్నాను.

"అక్షరాలండీ," అంది. గోడ వారగా, చెప్పులు చేత పట్టుకుని, పటం చుట్టూ తిరిగి వచ్చింది.