చెవికి అందిన కిన్నెర

పాటలు వింటే చదువు చెడుతుందని మా పాలమూరు ఇళ్లల్లో ఇప్పటికీ గట్టిగా అంటారు. పరీక్షల నెల వచ్చిందంటే పెద్దవాళ్లు మొదట గుంజుకునేది పిల్లల చెవుల్లోని ఇయర్‌ఫోన్లనే. ఈ మాట నాకు ఎన్నడూ సరైందిగా తోచలేదు. పాట వినే పిల్లలు చదువుకు దూరమవుతారన్న భయం కంటే, ఏ పాటా పట్టకుండా పెరిగే పిల్లలు మనుషులకు దూరమవుతారన్న భయమే నాకు ఎక్కువ.

మా అన్న బిడ్డ కల్వకుర్తి నుంచి మహబూబ్‌నగర్‌కు బస్సులో పోయి డిగ్రీ చదువుకుంటుంది. తెల్లవారకముందే లేవాలి. కిక్కిరిసిన బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడాలి. పొద్దుగూకే వేళకు అదే తోవన తిరిగి రావాలి. ఆ అలసటను పాట తగ్గిస్తుంది, మనసును తేలిక చేస్తుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే. కానీ పాట చేసే పని అక్కడితో ఆగదు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో తన కష్టమే లోకమంతా పరుచుకున్నట్టు ఉంటుంది. ఒక పేపరు తప్పినా, ఒక స్నేహం చెడినా అక్కడే బతుకు ఆగిపోయిందనిపిస్తుంది. అలాంటప్పుడు నాలుగు నిమిషాల పాట ఆ పిల్లను ఇంకొకరి దుఃఖంలోకో, ఇంకొకరి సంబురంలోకో తీసుకుపోతుంది. తిరిగి వచ్చేసరికి తన కష్టం కొంచెం చిన్నదై ఉంటుంది. ఆ వయసులో ఇంతకంటే ఏం కావాలి?

2021లో ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట వచ్చింది. తమన్ సంగీతం. దానికి ఎత్తుగడ దర్శనం మొగులయ్య గొంతు. ఊళ్లో ప్రతి ఫోనూ అదే పాడిన రోజులవి. ఒక సాయంత్రం మా పిల్ల బస్సు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చింది.

“చిన్నాయనా, ఈ పాట పాడినాయన మన లింగాల దిక్కు ఆయననట. నీకెరుకేనా?”

“ఎరుకే బిడ్డా. సినిమా పాటలో ఆయన పాడింది చిటికెడే. పండుగ సాయన్న కథ పాడుతడు, అది విను” అన్నాను.

ఆ రాత్రి యూట్యూబులో వెతికి విన్నది. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పంచినవాడిగా పాలమూరు జనం నేటికీ తలచుకునే వీరుడు సాయన్న. ఆయన కథను ఊరూరా మోసింది కిన్నెర. ఎండిన సొరకాయ బుర్రలు, వెదురు బొంగు, దాని మీద మెట్లు, మెట్లను అంటించే మైనం, లాగి కట్టిన తీగలు, అలంకారానికి నెమలీకలు. డక్కలి కళాకారులు తరతరాలుగా కాపాడుకున్న ఈ వాద్యంలో పన్నెండు మెట్ల రకాన్ని వాయించేది మొగులయ్య. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లకే, 2024లో, నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకూ పద్మశ్రీ ఇచ్చారు. ఒకే పాత మహబూబ్‌నగర్ జిల్లా, రెండు బుర్రల వాద్యాలు, ఇద్దరు పద్మశ్రీలు. మా పిల్లకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె ముఖంలో కనిపించిన గర్వాన్ని ఏ పాఠమూ తేలేదు. పాలమూరు అంటే కరువు, వలస, లేబరు అని చిన్నప్పటి నుంచి విన్న పిల్ల అది. తన నేలకు ఒక నాదం కూడా ఉందని ఆమెకు ఆ రోజు తెలిసింది.

మరునాడు ఆమె వాళ్ల నాయనమ్మను సాయన్న గురించి అడిగింది. ముసలమ్మ కథ మొదలుపెట్టి, మధ్యలో తాను నాట్లేసేటప్పుడు పాడిన పాటల్లోకి పోయింది. ఒకరు ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకోవడం, ఆ పాట ఊపుకే వంగిన నడుములు కదలడం, అన్నీ చెప్పింది. ఇద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు. సంగీతం బతుకును సంపన్నం చేస్తుందని అంటుంటాం కదా, నాకు తెలిసి దాని అర్థం ఇదే. వినడానికి అలవాటుపడిన చెవి పాటతోనే ఆగదు, పక్కనున్న మనిషి గొంతునూ పట్టుకుంటుంది.

నా చిన్నతనంలో పాట వినడానికి మనుషుల మధ్యకు పోవలసి ఉండేది. బతుకమ్మ చుట్టూ, పీర్ల పండుగనాడు గుండం చుట్టూ, శనివారం రాత్రి ఆంజనేయస్వామి గుడి ముందర. అక్కడ వేపూరు హనుమద్దాసు కీర్తనలు, మన్యంకొండ హనుమద్దాసు కీర్తనలు పాడేవాళ్లు. హార్మోనియం పెట్టె, తాళాలు, ఒక మద్దెల, అంతే సరంజామా. చదువురాని పెద్దలు ఆ కీర్తనలను పొల్లు పోకుండా పాడేవాళ్లు. తాళం తప్పితే పక్కవాడు మోచేత్తో పొడిచేవాడు. ఇప్పుడు పాట ఒక్కరి చెవిలోకే పోతున్నది. అది నష్టమే. కానీ ఆ కాలంలో నల్గొండ పిల్లవాడికి దామరగిద్ద బుర్రవీణ వినే దారి లేదు. ఇప్పుడు ఉంది.

నల్గొండ మాట వచ్చింది కనుక సుద్దాల హనుమంతును తలచుకోవాలి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఆయన పాటనే ఆయుధం చేసుకున్నాడు. గొల్లసుద్దుల వంటి జనం కళారూపాలలో పోరాటాన్ని ఊరూరికీ చేరవేశాడు. 1980లో విడుదలైన ‘మా భూమి’ సినిమాలో జీతమున్న పశులకాపరి పిల్లవాడి మీద ఆయన రాసిన పాట ఉంది. తొమ్మిది, పది చదివే పిల్లలకు ఆ పాట వినిపించి చూడండి. వెట్టి అంటే ఏమిటో పుస్తకంలో నాలుగు మార్కుల జవాబుగా చదివినవాళ్లు, తమ ఈడు పిల్లవాడు కొట్టం కాడ ఎలా బతికాడో తెలిసి నోరు మెదపరు. గోరటి వెంకన్న పాటలూ అంతే. ఆయనా పాలమూరు మనిషే, ‘వల్లంకి తాళం’కు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. ఆయనను వింటూ పెరిగిన పిల్లలకు వాగూ చెట్టూ పిట్టా పరాయివి కావు.

సినిమా పాటలు వద్దని నేను అనను. మా పిల్ల కిన్నెర దగ్గరికి వచ్చింది సినిమా పాట చెయ్యి పట్టుకునే. అయితే ఫోను మనం నిన్న విన్నదాని లాంటిదే ఇవాళా పెడుతుంది. దాని ఇష్టానికి వదిలేస్తే ఏళ్ల తరబడి ఒకటే దరువు మీద బతుకు గడిచిపోతుంది. కొత్త పాటను మనమే వెతుక్కోవాలి, అది ఉందని ఎవరో ఒక పెద్దమనిషి చెప్పాలి. ఆ పని చేయవలసింది మనమే.

అందుకని తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లల చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు పీకకండి. ఏం వింటున్నారో అడగండి, వాళ్ల పక్కన కూర్చుని ఒక పాట వినండి. ఆ తర్వాత మీకు తెలిసిన పాట ఒకటి వాళ్లకు చెప్పండి. వచ్చే బతుకమ్మకు మీ ఇంట్లో పెద్దామె పాడే పాటను వాళ్ల ఫోనులోనే రికార్డు చేయించండి.