వినడం కూడా ఒక చదువే

పాఠాలు రాయడం నా వృత్తి. బడి మధ్యలో మానేసినవారు, పిల్లలు పుట్టాక మళ్ళీ పుస్తకం పట్టినవారు ఇంటి దగ్గరే చదువుకోవడానికి వీలుగా పాఠాలు తయారు చేస్తుంటాను. మాట తేలికగా ఉండాలి, వాక్యం చిన్నదిగా ఉండాలి అని తోటి రచయితలకు పదేపదే చెబుతుంటాను. అటువంటి నన్ను ఒక తెలుగు మాట దగ్గర మా పిన్ని కూతురు నిలబెట్టేసింది. ఆ సంగతి మీతో చెప్పుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మా చెల్లెలు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో చదువు మానేసింది. బాబాయికి జబ్బు చేయడం, ఆ వెంటనే తనకు పెళ్ళి కావడం అందుకు కారణాలు. పెళ్ళయ్యాక సార్వత్రిక విద్య ద్వారా ఆ చదువు పూర్తి చేసింది. తరువాత భర్త ఉద్యోగరీత్యా అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రానికి వెళ్ళింది. పిల్లలిద్దరూ బడికి పోతున్నారు, తాను కూడా అక్కడి కమ్యూనిటీ కళాశాలలో చేరతానని 2013లో ఫోను చేసింది. చేరబోయే కోర్సు పేరు హ్యూమన్ సర్వీసెస్ అని చెప్పింది. అంటే మానవ సేవలు.

“కంప్యూటరు చదువు ఏదైనా చూసుకోకూడదటే? సాటి మనిషికి సాయం చేయడానికి కూడా డిగ్రీ కావాలా?” అన్నాను.

చెల్లెలు నవ్వి ఊరుకుంది. ఆ మాట అన్నందుకు నేను తరువాత సిగ్గుపడ్డాను.

కమ్యూనిటీ కళాశాల అంటే

అమెరికాలో ఇటువంటి కళాశాలలకు వందేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ పట్టణంలో మొదలైన జూనియర్ కళాశాలను వీటిలో మొదటిదిగా చెబుతారు. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నత విద్యా సంఘం 1947లో ఇచ్చిన నివేదిక తరువాత కమ్యూనిటీ కళాశాల అనే పేరు బాగా వ్యాప్తిలోకి వచ్చింది. వీటిలో ప్రవేశానికి సాధారణంగా పోటీ ఉండదు. హైస్కూలు చదువుగాని, దానికి సమానమైన పరీక్షగాని పూర్తి చేస్తే చాలు. ఆ ప్రాంతంలో ఉండేవారికి ఫీజు తక్కువ. సాయంత్రం తరగతులు ఉంటాయి. రెండేళ్ళ చదువుకు అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. దానికి సుమారు 60 క్రెడిట్లు కావాలి. ఒక్కొక్క విషయానికి ఎక్కువగా 3 క్రెడిట్లు ఉంటాయి. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ నెమ్మదిగా నాలుగైదేళ్ళలో పూర్తి చేసేవారే ఎక్కువమంది. మన దేశంలో కూడా 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం, 1996లో మద్రాసులో ఒక సంస్థ ఈ తరహా కళాశాలలు ప్రారంభించాయి.

మానవ సేవల కోర్సు వెనుక కూడా ఒక కారణం ఉంది. ఒకప్పుడు అక్కడ మానసిక వ్యాధులున్నవారిని ఊరికి దూరంగా పెద్ద పెద్ద ఆసుపత్రులలో ఏళ్ళ తరబడి ఉంచేవారు. 1963లో అధ్యక్షుడు కెన్నెడీ సంతకం చేసిన ఒక చట్టం, వారికి ఊళ్ళోనే, తమవారి మధ్యనే వైద్యం అందాలని చెప్పింది. అప్పుడు డాక్టర్లే కాకుండా, ఇంటికి వెళ్ళి పలకరించేవారు, కాగితాలు నింపడంలో సాయపడేవారు, దారి చూపేవారు చాలామంది కావలసి వచ్చారు. అటువంటివారికి శిక్షణ ఇవ్వడానికి రెండేళ్ళ కోర్సులు ఏర్పడ్డాయి. నేడు వృద్ధులు, పిల్లలు, వికలాంగులు, మద్యం మానాలనుకునేవారు, ఇల్లు లేనివారు, ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీలు, వీరందరి మధ్య పనిచేసేవారు ఈ కోర్సు చదువుతారు.

సేవకు చదువు కావాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం చూడండి. ఆమె బనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు ఇంటి దగ్గర చదివి రాశారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, చదువు ఆగిపోయిన స్త్రీలను అదే పరీక్షకు తయారు చేశారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలయ్యారు. వయసు మీరిన స్త్రీలు తక్కువ కాలంలో బడి చదువు పూర్తి చేసే సంక్షిప్త కోర్సులను ఆ మండలి 1958లో ప్రారంభించింది. ఇవన్నీ తెలిసి కూడా నేను మా చెల్లెలిని అలా అడిగాను.

ఎర్ర సిరా గీత

చేరగానే చెల్లెలికి ఇంగ్లీషులోను, గణితంలోను స్థాయి పరీక్ష పెట్టారు. ఇంగ్లీషులో అనుకున్నంత రాలేదు. డిగ్రీకి లెక్కలోకి రాని ఇంగ్లీషు తరగతులు ముందు చదవాలన్నారు. “ముప్పై ఏళ్ళు దాటాక మళ్ళీ ఒకటో తరగతి అక్కా” అని ఆ రాత్రి ఏడ్చింది. మర్నాడు వెళ్ళి ఆ తరగతిలో కూర్చుంది.

తరువాత మనస్తత్వ శాస్త్రం, సమాజ శాస్త్రం, ముఖాముఖి మాట్లాడే పద్ధతులు, వృత్తి ధర్మాలు వరుసగా చదివింది. వాటిలో ఒక అభ్యాసం నాకు కొత్తగా తోచింది. ఎవరితోనైనా మాట్లాడి వచ్చాక, ఆ సంభాషణను జ్ఞాపకం ఉన్నంతవరకు అక్షరాలా రాయాలి. ఆమె ఏమంది, నేనేమన్నాను, అప్పుడు నాకేమనిపించింది అని పక్కపక్కనే రాయాలి. ఒకసారి ఒకావిడ తన కొడుకును తలుచుకుని కంటతడి పెడితే చెల్లెలు, “బాధపడకండి, అంతా సర్దుకుంటుంది” అన్నదట. అదే రాసింది. అధ్యాపకురాలు ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన ఒక ప్రశ్న రాశారట. “ఇక్కడ ఎవరి బాధ ఆగింది? ఆవిడదా, వింటున్న నీదా?”

ఈ సంగతి విన్న రోజు నేను నా పని సరిగా చేయలేకపోయాను. ఆ వాక్యం నేను ఎంతమందితో అన్నానో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఒక వాక్యం కోసం అరగంట

కోర్సు చివర కొన్ని నెలలు ఏదైనా ఒక సేవాసంస్థలో పనిచేయాలి. చెల్లెలిని పగటిపూట వృద్ధులను చూసుకునే ఒక కేంద్రానికి పంపారు. పిల్లల దగ్గరకు వెళ్ళి అక్కడే ఉండిపోయిన తల్లిదండ్రులు న్యూజెర్సీలో చాలామంది. కొడుకు, కోడలు పనికి వెళ్ళాక వారిని వ్యానులో తీసుకువచ్చి, భోజనం పెట్టి, సాయంత్రం దింపుతారు. ఆ కేంద్రంలో గుజరాతీవారు ఎక్కువ. తెలుగువారు కొద్దిమందే.

2017లో ఒకరోజు పొద్దున్నే చెల్లెలి ఫోను వచ్చింది. వాళ్ళకది రాత్రి.

“అక్కా, కాన్ఫిడెన్షియాలిటీని తెలుగులో ఏమంటారు?”

“గోప్యత” అన్నాను ఠక్కున.

“డెబ్బై ఏళ్ళు దాటిన ఒక అమ్మగారికి చెప్పాలి. మీకు గోప్యత కల్పిస్తాను అంటే ఆవిడకేం అర్థమవుతుంది?”

“పోనీ, రహస్యంగా ఉంచుతాను అను.”

“రహస్యం అంటే ఏదో తప్పు చేసినట్టుంటుంది. అదీగాక, అన్నీ దాచిపెడతానని మాటివ్వకూడదు. ఏది చెప్పక తప్పదో కూడా మొదటిరోజే చెప్పాలి.”

క్లయింట్ అనే మాటకు కూడా చెల్లెలు తెలుగు అడిగింది. మన కాగితాలలో లబ్ధిదారు అంటాం అన్నాను. “లబ్ధిదారు అంటే చేయి చాపి పుచ్చుకునే మనిషి కదా. ఇక్కడ తనకేం కావాలో నిర్ణయించుకునేది ఆవిడే” అంది. సానుభూతికి, సహానుభూతికి తేడా ఆ రోజే మేమిద్దరం సరిగా ఆలోచించాం. ఎదుటివారి మీద జాలిపడడం సానుభూతి. వారి పక్కన నిలబడి, వారికి ఎలా కనిపిస్తోందో అలా చూడడానికి ప్రయత్నించడం సహానుభూతి.

చివరకు గోప్యత అనే మాట లేకుండానే ఇలా తయారు చేసుకున్నాం. “అమ్మా, మీరు నాతో చెప్పుకున్న మాట మీ ఇంట్లోవాళ్ళకు గాని, ఇక్కడివాళ్ళకు గాని ఊరికే చెప్పను. కాని మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే మాత్రం మా పైవాళ్ళకు చెప్పక తప్పదు. అది మీకు ముందే చెబుతున్నాను.” ఈ మూడు వాక్యాలకు మాకు అరగంట పట్టింది. నేను రాసిన ఏ పాఠంలోను అంతసేపు పట్టిన వాక్యం లేదు.

ఒట్టు వేయని చేయి

తరువాత జరిగినదాన్ని చెల్లెలు చాలాకాలానికి, పేరు గాని ఊరు గాని చెప్పకుండా చెప్పింది. ఆవిడెవరో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ అమ్మగారు కొన్ని వారాలు వంటల గురించి, పండుగల గురించి మాట్లాడారు. ఒకరోజు చేతిసంచిలోంచి కాగితంలో చుట్టిన మాత్రలు తీసి చూపించారు. అవి రక్తపోటు మాత్రలు. వేసుకున్నట్టు నటించి దాచినవి. “ఇవి మానేస్తే తొందరగా వెళ్ళిపోతాను గదమ్మా. వాళ్ళకీ బరువు తగ్గుతుంది. ఎవరికీ చెప్పకు. ఒట్టెయ్యి” అని చేయి చాపారు.

మనలో పెద్దవాళ్ళు చేయి చాపితే కాదనడం ఎంత కష్టమో మీకు తెలుసు. చెల్లెలు ఆ చేయి పట్టుకుంది గాని ఒట్టు వేయలేదు. “మొదటిరోజు చెప్పాను కదమ్మా, ఇటువంటిది దాచలేనని. మనిద్దరం కలిసి వెళ్ళి నర్సుగారికి చెబుదామా?” అని అడిగింది. ఆవిడ చేయి లాగేసుకున్నారు. చెల్లెలు ఒక్కతే వెళ్ళి చెప్పింది. ఆ రోజే డాక్టరుకు, కొడుక్కు కబురు వెళ్ళింది.

మూడు వారాలు ఆవిడ చెల్లెలి ముఖం చూడలేదు. “నువ్వు కూడా వాళ్ళలో మనిషివే” అన్నారట. తాను చేసింది సరైనదేనని చెల్లెలికి తెలుసు. తెలిసినా నిద్ర పట్టలేదంది. నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం, ఆవిడ తన పక్క కుర్చీ మీద ఉన్న సంచి తీసి ఒడిలో పెట్టుకున్నారు. చెల్లెలు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. ఆ రోజు ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

చెల్లెలు 2018లో డిగ్రీ పూర్తి చేసింది. భర్త మీద ఆధారపడిన వీసాతో వెళ్ళినవారు అక్కడ చదువుకోవచ్చు గాని ఉద్యోగం చేయడానికి వీలుండేది కాదు. 2015 మే నెలలో వచ్చిన నియమం వల్ల, శాశ్వత నివాసపు దరఖాస్తు ఒక దశ దాటినవారి భాగస్వాములకు ఆ అనుమతి దొరికింది. ఆ విధంగా చెల్లెలు వృద్ధుల మధ్యే ఉద్యోగంలో చేరింది.

మా అమ్మతో

ఈ కథంతా విన్నాక నేను ఆ అమ్మగారి కొడుకును నాలుగు మాటలు అన్నాను. చెల్లెలు కాసేపు ఊరుకుని, “పెద్దమ్మతో నువ్వేం మాట్లాడతావక్కా?” అని అడిగింది.

మా అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. వారానికి రెండుసార్లు ఫోను చేస్తాను. మాత్రలు వేసుకున్నావా? పనిమనిషి వచ్చిందా? గ్యాసు కట్టేశావా? అన్నీ నా ప్రశ్నలే. జవాబు కోసం నేను ఆగింది తక్కువ.

ఆ ఆదివారం, “అమ్మా, రోజు ఎలా గడుస్తోంది?” అని అడిగి ఊరుకున్నాను. “బాగానే” అంది. నేను ఇంకా ఊరుకున్నాను. కొంతసేపటికి, “సాయంత్రం దీపం పెట్టాక టీవీ పెట్టుకుంటానే. ఏమొస్తోందో చూడను. ఇంట్లో మనిషి గొంతు వినబడుతుందని” అంది. నాన్నగారు పోయిన నాటినుండి అలాగే చేస్తోందట. నాకు తెలియదు. మా దగ్గరకు వచ్చెయ్యి అని వెంటనే అనబోయి ఆగాను. “ఇంకా చెప్పమ్మా” అన్నాను. ఆ రోజు అమ్మ చాలాసేపు మాట్లాడింది.

మీలో అంగన్‌వాడీలోనో, ఆశా కార్యకర్తగానో పనిచేస్తున్నవారు ఉండవచ్చు. చేరాలనుకునేవారు ఉండవచ్చు. ఆ ఉద్యోగం లేకపోయినా మీ ఇంట్లో, మీ వీధిలో వినేవారి కోసం చూస్తున్న మనిషి తప్పక ఉంటారు. ఎవరైనా బతుకు మీద ఆశ వదులుకున్నట్టు మాట్లాడితే, దాచిపెడతానని ఒట్టు వేయకండి. మన దేశంలో 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416. వృద్ధుల కోసం ప్రత్యేకంగా ఉన్న నంబరు 14567. రెండింటికీ డబ్బు కట్టనక్కరలేదు.

ఆలోచించండి

1. “బాధపడకండి” అనే మాట బదులు మీరు ఏమంటారు? మీ మాటల్లో రెండు వాక్యాలు రాయండి.

2. మీ ఇంట్లో ఒకరిని ఒక ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేవరకు ఆగండి. వారన్న మాటలను వారి మాటల్లోనే రాయండి. వారిని అడగకుండా ఎవరికీ చూపించకండి.